తింటానికా, చూడ్డానికా?

వచ్చే ఆదివారం వాగులో దిగడానికి తడిసినా ఫరవాలేని చెప్పులు, పాత తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు మంచం మీద పెట్టుకుని, చివరికి అటక మీదున్న హార్లిక్స్ సీసా కిందికి దింపాను. మూత తిప్పగానే ఇరవై ఏళ్ల పైచిలుకు లోపలే ఉండిపోయిన నాచు వాసన సన్నగా వచ్చింది, లేదా వచ్చిందని నా ముక్కు పట్టుబట్టింది. సీసా మీద అన్నం మెతుకులతో అంటించిన నోటుపుస్తకం కాగితం ముక్క ఇంకా ఉంది. దాని మీద నా ఏడో తరగతి చేతిరాతలో ‘బొమ్మిడాయి’ అని ఉంది. ఆ సీసాలో బొమ్మిడాయి ఉన్నది మాత్రం మహా అయితే పది నిమిషాలు.

మాది ప్రత్తిపాడులో బస్సు దిగి ఇంకొంత దూరం నడవాల్సిన ఊరు. మాఘమాసం వచ్చేసరికి ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, గాలి తిరిగినప్పుడల్లా ఊరు ఊరంతా తుమ్మేది. పత్తి ఏరడం అయిపోయి కట్టెలు పీకి మోపులు కట్టేవాళ్లు. వానాకాలంలో ఎవరినీ దగ్గరికి రానివ్వని వాగు అప్పటికి మోకాలి లోతుకు తగ్గి, అడుగున ఇసుక కనిపించేంత తేటగా పారేది. బడి వదలగానే సంచి గట్టు మీద పడేసి అందులో దిగడం, చిరిగిన దోమతెర ముక్కతో చిన్న చిన్న పరిగె చేపల వెంట పడటం, తడి పావడాతో ఇంటికొచ్చి తిట్లు తినడం, ఇదీ నా దినచర్య.

గుంటూరులో కాలేజీ లెక్చరర్‌గా పనిచేసే మా బాబాయిదీ ఇదే పిచ్చి, కాస్త పద్ధతిగా. మన వాగుల్లో, చెరువుల్లో ఉండే చేపలంటే ఇష్టపడే స్నేహితులు ఆయనకు కొందరుండేవారు. నెలకోసారి ఏదో ఒక వాగు దగ్గర కలిసి, నీళ్లలో నడిచి, చేపను పట్టి, చూసి, పేరు రాసుకుని వదిలేసేవాళ్లు. ఈసారి మా వాగుకే రండని వాళ్లను పిలవడానికి కారణం నేను. బొమ్మిడాయిని పట్టి పెరట్లో నీళ్ల గాబులో ఉంచానని ఉత్తరం రాశాను, ఆయన ఆ ఉత్తరాన్ని అందరికీ చదివి వినిపించాడు. ఇక చూసుకోండి, బాబాయి పరువూ నా పరువూ ఆ సిమెంటు గాబులో పరిగెలు, జెల్లలు, మట్టగిడసల మధ్య పన్నెండు రోజులు ఈదాయి. పొద్దున లేవగానే అది బతికుందో లేదో చూసుకున్నాకే పళ్లు తోముకునేదాన్ని.

ఏర్పాట్లు పెళ్లివారింటి ఏర్పాట్లే. వచ్చేవాళ్లు వట్టికాళ్లతో దిగుతారని అమ్మా నేనూ గట్టు మీది తుమ్మముళ్లు ఏరి కాల్చాం. గుంటలున్న చోట పత్తికట్టె పాతి గుర్తు పెట్టాం. ఊళ్లో అడిగి అడిగి తొమ్మిది గాజు సీసాలు పోగుచేసి పేర్లు అంటించాను. ఒక జెల్లను చూపించడానికి పట్టబోతే దాని ముల్లు వేలికి గుచ్చుకుని రెండు రోజులు కలం పట్టుకోలేకపోయాను.

ముందురోజు బాబాయి పక్కింటి ఫోనుకు చేస్తే నాయనమ్మ వెళ్లి మాట్లాడింది. “చేపలంటే ప్రాణం పెట్టేవాళ్లమ్మా, తొమ్మిదిమందిమి వస్తన్నాం. మేం వచ్చేసరికి చేపలన్నీ రెడీగా ఉండాల” అన్నాడట. ఆవిడ సరేనంది. నాతో ఆ మాట చెప్పలేదు, చెప్పడానికి అందులో ఏముందనుకుంది.

ఆదివారం పొద్దున్నే అమ్మా నేనూ చివరిసారి వాగు చూసి తిరిగొచ్చేసరికి గాబులో కదలిక లేదు. పక్కన రాతి మీద తడి బూడిద. వంటింట్లోంచి చింతపండు పులుసు, కొత్త కారం, మెంతిపిండి కలిసిన వాసన.

“నా బొమ్మిడాయి ఏది నాయనమ్మా?”

“దాకలో ఉంది. జారిపోతా ఉంటే మూడుసార్లు బూడిదేసి రుద్దా. అంత ఏడుపెందుకే, నీకూ ముక్క వేస్తాలే.”

నేను గాబు అంచు పట్టుకుని ఏడుస్తుండగానే వాళ్లొచ్చేశారు. అందరికంటే ముందు సలీం గారు. గుంటూరులో ఆయనది రంగుచేపల దుకాణం. ఎక్కడెక్కడి దేశాల చేపలనో అమ్మిన ఆ మనిషి, బొమ్మిడాయిని బజారు గంపలో చచ్చినదాన్ని చూడటమే తప్ప ప్రాణంతో చూడలేదు. సంగతి తెలిసి బాబాయి తల పట్టుకున్నాడు.

“చేపలంటే ప్రాణమన్నావు కదరా?” అంది నాయనమ్మ.

“ప్రాణమంటే తింటానికి కాదమ్మా, చూడ్డానికి!”

“చూడ్డానికా! చేపని చూడ్డానికి బస్సెక్కి వచ్చారా?”

“అవునమ్మా,” అన్నారు సలీం గారు, కోపం లేకుండా. “మీ మనవరాలి బొమ్మిడాయిని చూద్దామనే వచ్చానండి.”

నాయనమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. పొయ్యి మంట తగ్గించమని అమ్మకు చెప్పి, కొంగు నడుముకు బిగించి, “పదండి” అంది.

ఆవిడ చిన్నప్పుడు గంపతో చేపలు పట్టేదని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. చీర మోకాళ్ల పైకి దోపుకుని వాగులో దిగి, వెనక వస్తున్న లెక్చరర్లనూ ఉద్యోగస్తులనూ ఒకటే కేకలు. “ఆ దడదడలేంటయ్యా, గేదెలు దిగినట్టు! కాళ్లు ఎత్తబాకండి, ఈడ్చండి!” తొమ్మిదిమందీ బుద్ధిగా కాళ్లీడ్చారు. గట్టు వార జమ్ముగడ్డి మొదళ్లలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. మొదట బురద వచ్చింది. తర్వాత ఎండ్రకాయ వచ్చింది. నేను మొక్కని దేవుడు లేడు. మూడోసారి ఆవిడ రెండు చేతులూ దోసిలిగా పైకి తీస్తే, అందులో గోధుమరంగు తాడు ముక్కలా మెలికలు తిరుగుతూ బొమ్మిడాయి!

సీసా పట్టింది నేనే. సలీం గారు ప్యాంటు తడుస్తున్న సంగతి మరిచి నీళ్లలోనే గొంతుక్కూర్చుని, “ముక్కు చూడండి, ఆ ముక్కు చూడండి” అని ఎవరితోనో కాదు, తనతోనే చెప్పుకున్నారు. తనివితీరా చూశాక దాన్ని జమ్ములోకి వదిలేశారు.

“అయ్యో, వదిలేశావా నాయనా!” అని నాయనమ్మ నిజంగానే గుండె పట్టుకుంది. తర్వాత, “పోనీలే, దాకలోది ఉందిగా” అంది.

మధ్యాహ్నం పులుసు ఒక్క చుక్క మిగలలేదు. నా అలక మొదటి ముద్ద దాకే నిలిచింది. మాటిచ్చినట్టే ముక్క నా కంచంలోనే వేసింది. పన్నెండు రోజులు కాపలా కాసిన చేపను నేనే తిన్నాను. రుచిగా ఉంది, అబద్ధమెందుకు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరు ఏది తెచ్చినా, చివరికి కొత్త చీర తెచ్చినా, “తింటానికా, చూడ్డానికా?” అని అడగడం అలవాటైపోయింది. నాయనమ్మ పోయి పదేళ్లయినా మాట పోలేదు. జమ్ము మాత్రం పోయింది. పొక్లెయిన్ పెట్టి గట్లు చదును చేశారు. వాగు నీళ్లలో మిరపతోటల మందు వాసన.

ఇప్పుడు బాబాయి స్నేహితుల మాదిరి గుంపు మాకూ ఒకటుంది. ఆదివారం మా వాగుకే వెళ్దామన్నది, అప్పటిలాగే, నేనే. సీసా పక్కన పెట్టి, ఊళ్లో ఉన్న వదినకు ఫోన్ చేసి, చేపల కోసం పదిమందిమి వస్తున్నామని చెప్పాను.

“తింటానికా, చూడ్డానికా?” నవ్వుతూ అడిగింది.

“చూడ్డానికే వదినా.”

నవ్వు ఆగింది. “తింటానికైతే ఎన్నైనా దొరుకుతాయే. చెరువు చేపలు రోజూ బండి మీద తెస్తన్నారు. చూడ్డానికంటే... చూడ్డానికేముంది మన వాగులో?”

“ఏవుంటే అవే చూస్తాం,” అన్నాను. ఫోన్ పెట్టేసి, కాగితం తడవకుండా సీసా లోపల మాత్రం కడిగి, తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.