మా అత్తగారు చూసిన వీధులు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫోను వరసగా మోగింది. మా అమ్మాయి. పుణెలో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలలో చేరాలి. అద్దెకిచ్చే గదుల ఫోటోలు పదకొండు పంపింది. ఒకదానిలో తెల్లటి దుప్పటి పరిచిన మంచం, ఒకదానిలో కిటికీ దగ్గర చిన్న కుండీ, ఇంకోదానిలో గోడంత అద్దం. "ఏది బాగుందమ్మా? సాయంత్రంలోపు చెప్పెయ్" అని కింద రాసింది. కళ్లజోడు తుడుచుకుని అన్నీ రెండేసిసార్లు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ పదకొండింటిలో ఒక్కదానిలోనూ వీధి లేదు. తలుపు తీసి బయటికొస్తే ఏముంటుందో, పక్కింట్లో ఎవరుంటారో, రాత్రి ఎనిమిదింటికి ఆ దారిలో నడిస్తే ఎలా ఉంటుందో ఎవరూ ఫోటో తియ్యలేదు. ఫోన్ చేసి, ఏదీ ఖాయం చెయ్యొద్దని, నేనే వచ్చి చూస్తానని చెప్పి, అప్పటికప్పుడే రైలు టికెట్టు తీసుకున్నాను. "నువ్వొచ్చి ఏం చూస్తావమ్మా?" అని నవ్వింది. పదమూడేళ్ల కిందట సరిగ్గా ఇదే మాట, ఇంతకంటే కటువుగా, నేను మా అత్తగారితో అన్నాను.

అప్పటికి మా ఆయన పోయి రెండేళ్లయింది. నేను నరసాపురంలో ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి రాజమండ్రి వేశారు. జీతం పెరుగుతుంది, రాత్రి డ్యూటీలు తప్పుతాయి, ఇంకేం కావాలని అందరూ అన్నారు. కానీ ఒక వారం ఉదయం డ్యూటీ అయితే ఇంకో వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా. మా అమ్మాయి నాలుగో తరగతి. ఆ రెండో వారాల్లో పిల్ల బడి నుంచి వచ్చాక నేను వచ్చేదాకా ఎలా? మా అత్తగారు ఉంటారుగా అనుకున్నాను. అడగలేదు. అడగక్కర్లేదనుకున్నాను. రాజమండ్రి మనకేం కొత్త ఊరా అని కూడా అన్నారు బంధువులు. బట్టలకీ పెద్ద డాక్టర్లకీ వెళ్లొస్తూనే ఉండేవాళ్లం, నిజమే. కానీ ఒక ఊరికి వెళ్లిరావడం వేరు, అందులో కాపురం ఉండడం వేరు. వెళ్లినవాళ్లకి ఆ ఊళ్లో కొట్లు తెలుస్తాయి. మనుషులు తెలియరు.

మా అత్తగారికి అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఏడో ఏట లేసు సూది పట్టుకున్నారట, ఆ తర్వాత పెళ్లిరోజున తప్ప ఎప్పుడూ దింపలేదని ఆవిడే చెప్పేవారు. ఆ పెళ్లిరోజు సంగతీ నాకు అనుమానమే. ఒళ్లో దారపుండ, చేతిలో సూది, కళ్లు మాత్రం ఎదుటివాళ్ల మీద. చూడకుండానే పువ్వులూ ఆకులూ అల్లుకుంటూ పోయేవారు. వీధిలో పద్నాలుగుమంది ఆడవాళ్లకి దారం పంచి, అల్లినవి చూసి, తప్పుంటే విప్పించి, వ్యాపారికి అప్పగించేది ఆవిడే. విప్పించడంలో మొహమాటం ఉండేది కాదు. నేను రాజమండ్రిలో చేరడానికి ఇచ్చిన గడువు పదిరోజులు. ఇల్లు వెతకడానికి బయల్దేరుతుంటే ఆవిడా సంచీ సర్దుకుని నిలబడ్డారు. వద్దనలేకపోయాను. కడియంలో మా అత్తగారి చెల్లెలి ఇంట్లో దిగాం. చుట్టూ నర్సరీలు, నల్లకవర్లలో వేలకొద్దీ మొక్కలు, తెల్లవారేసరికి తడిమట్టి వాసన. పిల్లని అక్కడ వదిలి మేమిద్దరం రోజూ ఆటో ఎక్కి రాజమండ్రి వెళ్లేవాళ్లం.

మొదటిరోజే నాకు ఇల్లు దొరికేసింది. హైవే వైపు కొత్తగా వచ్చిన కాలనీ. పేరు చెబితే ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్లు నొచ్చుకుంటారు. అపార్టుమెంటులో మూడో అంతస్తు, లిఫ్టు, నున్నటి టైల్సు, కిందన గేటు, గేటు దగ్గర వాచ్‌మన్. అద్దె కూడా నేను ఇవ్వగలిగినంతే. నేను వంటింటి అల్మారాలు తెరిచి చూస్తూ మురిసిపోతుంటే మా అత్తగారు ఒక్కసారి చుట్టూ చూసి కిందికి దిగిపోయారు. నేను దిగేసరికి గేటు పక్కన కుర్చీలో కూర్చుని లేసు అల్లుకుంటున్నారు. "వెళ్దామాండీ?" అంటే, "ఒక గంట కూర్చుందాం అమ్మాయ్" అన్నారు. ఇల్లు చూపించినాయన వాచీ చూసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గంటయ్యాక లేచి, ఆటోలో కూర్చున్నాక చెప్పారు.

"ఇంతసేపూ ఆ వీధిలో నడిచిన మనిషి ఒక్కడు లేడమ్మా. అందరూ బళ్ల మీద వచ్చి గేట్లలోకి దూరిపోయారు. నీకేదైనా అయి కేకేస్తే వినేవాడేడీ?"

"వాచ్‌మన్ ఉన్నాడు కదండీ."

"ఉన్నాడు. నేనెవరో అడక్కుండానే కుర్చీ నాకిచ్చి టీకి వెళ్లిపోయాడు."

రెండోరోజు చూసినది విడి ఇల్లు. ముందు కరివేపాకు చెట్టు, వెనక నుయ్యి. ఇంటాయన మర్యాదస్తుడు, మజ్జిగ ఇప్పించాడు. గ్లాసు కింద పెట్టకముందే, "ఇంతకీ మీరేవిట్లండీ?" అని కులం అడిగాడు. చెప్పాం. చర్చికి వెళ్తామనీ చెప్పాం. ఆయన తలగోక్కుని, "నాకేం పట్టింపు లేదండి, మావాళ్లే... మరోలా అనుకోకండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. విసవిసా రోడ్డెక్కాను. మా అత్తగారు మాత్రం, "ముందే చెప్పాడు, నయం. చేరాక చెబితే బీరువా మళ్లీ మొయ్యాలి" అని, కొంచెం దూరం నడిచాక నెమ్మదిగా, "మజ్జిగ బాగుంది" అన్నారు. ఆవిడ గొంతులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజంతా లేసు సంచీ మాత్రం తెరవలేదు.

అలా ఆరు రోజులు. ఒకచోట మధ్యాహ్నం ఎంతో ప్రశాంతంగా ఉన్న సందుని మళ్లీ రాత్రి ఏడున్నరకి చూడాలన్నారు. వెళ్తే సందు మొగలో బ్రాందీకొట్టు, రోడ్డు సగందాకా మోటారుసైకిళ్లు, దాటి వెళ్తే దీపం లేదు. "నువ్వు వచ్చే వేళకి కదా చూడాలి" అన్నారు. ఇంకోచోట గోడల అడుగున మోకాలెత్తులో చెమ్మగీత చూసి, వానాకాలం కాలవ ఇంట్లోకే వస్తుందని తేల్చేశారు. ఒకచోట మెట్లు ఎక్కువన్నారు, ఇంకోచోట చర్చి దూరమన్నారు. ఆరోరోజు సాయంత్రం కడియం వెళ్లే ఆటోలో నా ఓపిక అయిపోయింది.

"మీకు నచ్చే ఇల్లు ఈ ఊళ్లో లేదండీ. మీకు మెట్లుండకూడదు, చర్చి పక్కనే ఉండాలి, వీధిలో కబుర్లాడేవాళ్లుండాలి. మీ సుఖం చూసుకుంటూ కూర్చుంటే నా గడువు అయిపోతుంది. అసలు మీరొచ్చి ఏం చూస్తున్నారు? ఉద్యోగం నాది. ఇల్లు నేను చూసుకుంటాను."

ఆటో డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. రోడ్డు పక్కన లారీలోకి మొక్కలెత్తుతున్నారు. ఒకరి చేతిలోంచి ఒకరికి కవర్లు అందుతున్నాయి. మా అత్తగారు అటే చూస్తూ కూర్చున్నారు.

తెల్లారి నేను ఆ అపార్టుమెంటే ఖాయం చేసుకుందామని తయారయ్యాను. ఆవిడ కూడా చీర మార్చుకుని వచ్చి, "నీకు నచ్చిందే తీసుకోమ్మా. మొన్న చర్చిలో నా పక్కన కూర్చున్నావిడ ఒక వీధి చెప్పింది. దారిలోనేనట. ఒక్కసారి చూసి వెళ్దాం" అన్నారు. ముందురోజు అన్న మాటకి లోపల గుచ్చుకుంటూనే ఉంది కాబట్టి సరేనన్నాను.

గోదావరి గట్టుకి కాస్త వెనకగా, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సినంత ఇరుకు వీధి. ఇల్లు చూస్తే నీరసం వచ్చింది. పెంకుటింటి వెనక భాగంలో రెండు గదులు, సున్నం రాలుతున్న గోడలు, స్నానాల గది పెరట్లో. మా అత్తగారు మామూలుగానే గదుల వైపు చూడలేదు. వీధి మధ్యలో ఇస్త్రీ బండి ఉంటే దాని నీడలో కూర్చుని సంచీ తెరిచారు. ఈసారి నేనూ పక్కనే కూర్చున్నాను, చేసేదేం లేక. పదినిమిషాలు కాలేదు, బండావిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఏ ఊరండీ? ఎవరింటికండీ?" అంది. ఎదురింటావిడ మంచినీళ్లు తెచ్చింది. అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దాయన, "నరసాపురమా? మా పెద్దక్కని అక్కడే ఇచ్చాం" అని మొదలుపెట్టి ఆ పెద్దక్క మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లాడు. ట్యూషన్‌కి వెళ్లే ఆడపిల్లలు సైకిళ్లాపి లేసు చూశారు. ఒక కుర్రాడు బైకు మీద దూసుకుపోతుంటే బండావిడ, "ఒరే, మెల్లగా పోరా, మీ నాన్నకి చెప్పేస్తా" అని అరిచింది. వాడు నిజంగానే నెమ్మదించాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. దీపాలు వెలిగాయి, ఇడ్లీబండి వచ్చింది, వీధిలో జనం ఇంకా పెరిగారు. ఎనిమిదింటికి ఒకమ్మాయి ఆఫీసు బ్యాగుతో ఒంటరిగా నడిచి వస్తుంటే నలుగురు పలకరించారు. ఆ అమ్మాయికి విసుగ్గా ఉన్నట్టుంది. నేను మాత్రం ఆ అమ్మాయి ఇంట్లోకి వెళ్లేదాకా అటే చూశాను. మా ఆయన పోయాక ఇంటికొచ్చే దారిలో నన్ను పలకరించినవాళ్లు తక్కువ.

ఇంటావిడ రిటైరైన తెలుగు టీచరు. ముందుభాగంలో ఒక్కరే ఉండేవారు. మా మతం గురించి, "ఎవరి దేవుడు వాళ్ల గదిలో ఉంటే నాకు అభ్యంతరం లేదు" అన్నారు. ఆవిడ అభ్యంతరం వేరు. "నర్సులంటే వేళాపాళా ఉండదు కదండీ. ఎనిమిదిన్నరకి గేటుకి తాళం వేసేస్తాను. పైగా మగదిక్కు లేని సంసారం."

మా అత్తగారు సూది ఆపకుండానే, "మగదిక్కు ఉన్నప్పుడూ డ్యూటీకి ఒక్కతే వెళ్లొచ్చేదండి. మావాడు పడుకుని ఉండేవాడు" అన్నారు.

టీచరుగారు నవ్వాపుకోలేకపోయారు. మా ఆయన నిద్ర తలుచుకుని నేనూ నవ్వాను. రెండేళ్లలో ఆయన్ని తలుచుకుని నవ్వడం అదే మొదటిసారి. "సర్లెండి వదినగారూ, ఇంట్లో మీరుంటారు కదా, నాకు ధైర్యం" అన్నారావిడ.

"నేనుండనండి" అన్నారు మా అత్తగారు. "అందుకే ఇన్ని వీధులు తిరిగాను."

నేను ఆవిడ మొహం వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడలేదు. టీచరుగారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "అయితే పిల్ల బడి నుంచి వచ్చి నా దగ్గర కూర్చుంటుంది. దస్తూరీ ఎలా ఉంటుందేంటి?" అన్నారు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో నేనే అడిగాను, ఎందుకుండరని. "నేను పక్కనుంటే నువ్వు ఏ వీధిలోనైనా ఉండగలవు. నేను లేకుండా ఉండగలిగే వీధి కావాలి కదా" అన్నారు. మరి చర్చి దగ్గరుండాలన్నారే అంటే, ఆదివారం నాకు డ్యూటీ పడితే పిల్ల ఒక్కతే నడిచి వెళ్లాలి కదా అన్నారు. మెట్లు? "రోజంతా వార్డులో నిలబడే కాళ్లు నావా, నీవా?" కొంతదూరం పోయాక ఆవిడే అన్నారు: "పద్నాలుగుమందికి నా చేతిమీదుగా పని వెళ్తుందమ్మా. అక్కడ నేను ఒక మనిషిని. ఇక్కడైతే నీ అత్తగారిని మాత్రమే." ముందురోజు నేనన్న మాటకి క్షమించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా అడగలేదు, ఆవిడా ఎత్తలేదు. మూడేళ్ల కిందట ఆవిడ పోయారు.

ఆ పదోరోజు మా అత్తగారు మమ్మల్ని ఇంట్లో దించి, పొయ్యి వెలిగించి, ప్రార్థన చేసి, మధ్యాహ్నం పాసింజరుకి నరసాపురం వెళ్లిపోయారు. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం పెద్దవాన పట్టుకుంది. ఎక్కడో బస్సు బోల్తాపడి దెబ్బలు తగిలినవాళ్లని మా వార్డుకి తెచ్చారు. వదిలి రావడానికి లేదు. ఫోను చార్జింగు అయిపోయింది. తొమ్మిది దాటాక, పాదాలు మునిగే నీళ్లలో, ఏడుపు మొహంతో వీధి మొగలోకి వచ్చేసరికి ఇస్త్రీబండావిడ భర్త గొడుగుతో నిలబడి ఉన్నాడు. "అదిగో వచ్చేశారు" అని వీధిలోకి కేకేశాడు. ఆ కేక ఒక అరుగు నుంచి ఇంకో అరుగుకి వెళ్లి, నాకంటే ముందు ఇల్లు చేరింది. గేటు తీసే ఉంది. లోపల మా అమ్మాయి ఉప్మా తింటూ టీచరుగారికి ఎక్కాలు ఒప్పజెబుతోంది. "తాళం వెయ్యలేదాండీ?" అంటే, "కనబళ్లేదమ్మా, వెతుకుతున్నా" అన్నారావిడ. తాళంచెవి ఆవిడ బొడ్లోనే వేలాడుతోంది. ఆ రాత్రి తడిబట్టలు మార్చుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మా అత్తగారు నాకు ఇల్లు వెతకలేదనీ, తన బదులు ఉండాల్సిన మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసి మరీ అప్పజెప్పి వెళ్లారనీ అప్పుడు అర్థమైంది.

ఆ ఇంట్లో మేం పదకొండేళ్లున్నాం. టీచరుగారు ఇల్లమ్మి వాళ్లబ్బాయి దగ్గరికి తుని వెళ్లిపోయాక పక్క వీధికి మారాం, అంతే. గోడల సున్నం చివరిదాకా రాలుతూనే ఉంది. వృథా అయిపోతున్నాయని నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఏడ్చిన ఆ పదిరోజులే, ఇప్పుడు వెనక్కి చూస్తే, నా బతుకులో అన్నిటికంటే ఎక్కువకాలం నిలబడిన రోజులు.