అయ్యవారి నోట వచ్చిన మాట

కుదురుగా కూర్చోవడమన్నది పద్మనాభయ్యకు పుట్టుకతోనే రాలేదు. జమ్మలమడుగులో పురోహితుడి ఇంట పుట్టి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ప్రొద్దుటూరులో ఒక హైస్కూలుకు లెక్కల అయ్యవారుగా వచ్చాడు. క్లాసులో నడుస్తూనే పాఠం, వసారాలో తిరుగుతూనే పేపరు. కాళ్లు ఆగినా నోరు ఆగదు. పాలవాడికి గేదె దాణా గురించి సలహా, మంగలికి కత్తి నూరడం గురించి సలహా. అడిగినవాళ్లు ఎవరూ లేరు, అయినా ఈయన మానింది లేదు.

అలాంటి మనిషిని యాభై తొమ్మిది వేసవిలో ప్రభుత్వం వెతికి వెతికి హైదరాబాదుకు పంపింది, కౌన్సెలింగ్ నేర్చుకు రమ్మని. ఆరు వారాల శిక్షణ. మనసు నలిగినవాళ్లతో ఎలా మాట్లాడాలో అక్కడ లెక్చరర్లు చెప్పారు. ఒక లెక్చరరు, చిన్ననాట మింగిన దుఃఖమే పెద్దయ్యాక కలల్లో తలెత్తుతుంది, దాన్ని తవ్వి తీయాలన్నాడు. ఇంకొకాయన తవ్వకాలూ గివ్వకాలూ ఏమీ వద్దన్నాడు. భయం కూడా ఒక అలవాటే, కొంచెం కొంచెంగా మాన్పించవచ్చన్నాడు. మూడో పద్ధతి వినేసరికి మాత్రం పద్మనాభయ్యకు చెమటలు పట్టాయి. అందులో సలహా ఇవ్వకూడదట. మంచీ చెడూ ఎంచకూడదట. వచ్చిన మనిషి మాటను శ్రద్ధగా విని, ఆ మాటనే వాళ్లకు తిరిగి చెప్పాలట. తమ మాట తమ చెవిన పడితే దారి వాళ్లే వెతుక్కుంటారట. నోరు కట్టుకుని చేసే వైద్యం కూడా ఉంటుందా అని ఆయన ఆ రోజంతా గింజుకున్నాడు.

ఊరికి రాగానే మొదటి పద్ధతిని భార్య అలివేలుమంగ మీద ప్రయోగించబోయాడు.

"ఈ మధ్య నీకేమన్నా కలలొస్తాండాయా?"

"కల రావాలంటే నిద్ర పట్టాల. మీరు గురక మాన్తే పడతాది" అందామె, చేటలో బియ్యం మీద నుంచి తల ఎత్తకుండా. ఆ పరిశోధన అంతటితో ముగిసింది.

రెండో పద్ధతి మాత్రం బాగా పనిచేసింది. వీధి చివర కుట్టుపని చేసే జిలానీ మూడేళ్ల కిందట బస్సు బోల్తా పడినప్పుడు అందులో ఉన్నాడు. అప్పటినుంచి బస్సు హారను వింటే చాలు కాళ్లు వణికేవి. పద్మనాభయ్య అతన్ని మొదటి వారం బస్టాండులో ఊరికే నిలబెట్టాడు. రెండో వారం ఆగి ఉన్న బస్సులో కూర్చోబెట్టి టీ తాగించాడు. మూడో వారం తానే పక్కన కూర్చుని, దగ్గరి ఊరు చాపాడు దాకా తీసుకుపోయాడు. నెల తిరిగేసరికి జిలానీ ఒక్కడే జమ్మలమడుగు పోయి వచ్చాడు. పోయినవాడు ఊరుకున్నాడా, ఎక్కిన ప్రతి బస్సులోనూ అయ్యవారు మనసుకు మందిస్తాడని చాటింపు వేశాడు.

ఆ చాటింపు విని వచ్చినవాడే ఓబుళరెడ్డి. జమ్మలమడుగు దగ్గర పల్లెలో ముప్పై ఎకరాల మెట్ట రైతు. భార్య పార్వతమ్మను, తల్లిని, ఊళ్లోని ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. మా సీమలో ముఖ్యమైన మాటకు ఎవరూ ఒంటరిగా పోరు, నలుగురిని తోడు తీసుకుపోతారు.

"కార్తీకంలో మా పాప చెన్నమ్మ జొరమొచ్చి పోయింది సామీ. ఆరేండ్ల బిడ్డ" అన్నాడు ఓబుళరెడ్డి. "ఆ పొద్దు నుంచి ఈమె మాట్లాడదు, సరిగా తినదు. గాలి సోకిందంటాండారు కొందరు. నువ్వు చూడు."

పరాయి ఆడమనిషిని గదిలోకి పిలిచి మాట్లాడడం పద్ధతి కాదు గనక అందరినీ హాల్లోనే చాప మీద కూర్చోబెట్టాడు. ఈమెకు మూడో పద్ధతే సరైనదని తోచింది. తొడ మీద చెయ్యి గట్టిగా అదిమి పెట్టుకుని మౌనంగా కూర్చున్నాడు. అరగంట గడిచింది. కాలి వేళ్లు ఆడుతూనే ఉన్నాయి గాని నోరు మాత్రం తెరవలేదు.

చివరికి పార్వతమ్మ అంది. "నాకు ఆ ఇంట్లో ఊపిరాడదు సామీ."

కాలమే మందు తల్లీ, దేవుడున్నాడు, ఇంకో బిడ్డ పుడుతుంది... ఎన్ని మాటలు గొంతు దాకా వచ్చాయో. అన్నీ మింగేశాడు.

"ఆ ఇంట్లో నీకు ఊపిరాడదు" అన్నాడు.

ఆమె తల ఎత్తి ఆయన్ను చూసింది. "నేనింక ఆడ ఉండలేను."

"నువ్వింక ఆడ ఉండలేవు."

పెద్దమనుషులిద్దరూ ఒకరినొకరు చూసుకుని తలలూపారు. పార్వతమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. వాళ్లు వెళ్లాక పద్మనాభయ్య ఆనందం పట్టలేక హాల్లో పదిసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగు నెలల తర్వాత ఆమె నోరు విప్పింది మరి, మామూలు విషయమా?

నాలుగో రోజు, గురువారం పొద్దున, ఓబుళరెడ్డి ఒక్కడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏంది సామీ, మందిస్తావని తీసకొస్తే ఇడాకులిచ్చి పంపిస్తివే."

"నేనా?"

"ఆమె ఆడ ఉండలేదని నువ్వే గదా చెప్పింది. ఇద్దరు పెద్దమనుషులు ఇన్యారు. ఆ తీర్పు మీద ఆమె మూట కట్టుకుని పులివెందుల కాడ పుట్టింటికి పాయె."

"తీర్పు కాదప్పా. ఆమె మాటే ఆమెకు తిరిగి చెప్పినా, అంతే."

"ఎవురి మాటైతే ఏంది? నలుగురి ముందర అయ్యవారి నోట వచ్చినాక అది తీర్పే."

 నిజమే కదా అనుకున్నాడు పద్మనాభయ్య. పంచాయతీలో పెద్దమనిషి చేసేది కూడా ఇదే. ఇరువైపులా విని, ఎవరి మాట నిలబడిందో ఆ మాటను అందరూ వినేలా తన నోట పలుకుతాడు. పలికాడంటే అయిపోయినట్టే. ఆయన తండ్రి అలాంటి పంచాయతీల్లో ఎన్నిసార్లు కూర్చున్నాడో. ఆ చాపల అంచునే పెరిగి, ఆరు వారాల హైదరాబాదు చదువుతో అంతా మరిచిపోయాడు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"ఆదివారం మావాళ్లు పంచాయతీకి కూచుంటాండారు" అన్నాడు ఓబుళరెడ్డి. "ఆలోపల ఆమె రాకుంటే నాకు మారుమనువు చూస్తానంటాండాది మా యమ్మ."

"నీకేం కావాల?"

"నాకు పార్వతే కావాల సామీ" అన్నాడు.

గురు, శుక్రవారాలు పద్మనాభయ్యకు అన్నం సహించలేదు. బోర్డు మీద కూడిక తప్పు వేస్తే పిల్లలు దిద్దారు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. తన ఒక్క మాట వల్ల ఒక సంసారం ఆదివారం నాటికి రెండు ముక్కలవుతుంది.

"తీర్పు చెప్పినోళ్లే పోయి ఎనక్కి తీసుకోవాల" అంది అలివేలుమంగ. "ఈడ నేలరిగేట్టు తిరిగితే ఏమొస్తాది?"

శనివారం ఒంటిపూట బడి కాగానే ఓబుళరెడ్డితో కలిసి ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కాడు. దారిపొడవునా చెప్పబోయే మాటలు లోపల వల్లించుకుంటూనే ఉన్నాడు.

పార్వతమ్మ పుట్టింటి ముందు ఆమె అన్నలిద్దరూ, వీధిలోని పెద్దలు నలుగురూ మంచాల మీద కూర్చున్నారు. ఆమె గడప మీద కూర్చుంది. పద్మనాభయ్య నిలబడే మాట్లాడాడు.

"తప్పు నాది. నేను తీర్పు చెప్పలేదు. చెప్పినానని మీరనుకుంటే, దాన్ని మీ అందరి ముందర ఎనక్కి తీసుకుంటాండా."

"తీసుకోవద్దు సామీ" అంది పార్వతమ్మ. "అది తీర్పు కాదని నాకు తెలుసు. ఆ మాట నాదే. పాప పోయినాక నేనేమన్నా ఊరుకో అనేటోళ్లే, మరిచిపో అనేటోళ్లే. నా మాట పట్టించుకుని తిరిగి అనింది నువ్వొక్కనివే. అందుకే పోవాలని నాకు ధైర్యమొచ్చె."

అన్నల్లో పెద్దవాడు అడిగాడు. "అయితే ఇంక పోవా అమ్మా?"

 ఆమె భర్త వైపు తిరిగింది.

"జొరమొచ్చిన నాడే జమ్మలమడుగు ఆసుపత్రికి తీసకపోదామంటిని. మఠానికి పోయి మొక్కొస్తే తగ్గుతాదంటివి నువ్వు. రెండు దినాలు పాయె. నేను ఆ మాట చెప్పినానని ఆ ఇంట్లో ఎవురన్నా ఒక్కరు అంటారేమోనని నాలుగు నెలలు చూస్తి. ఎవురూ అనలేదు. నువ్వు గూడ అనలేదు."

 ఓబుళరెడ్డి మొహం నల్లబడింది. "నువ్వు చెప్పు సామీ" అన్నాడు అయ్యవారి వైపు చూసి.

పద్మనాభయ్యకు జీవితంలో ఎన్నడూ మాట్లాడాలని అంతగా అనిపించలేదు. జ్వరం ఎవరి చేతుల్లో ఉంది, ఇతనూ కన్నతండ్రే కదా, కావాలని చేశాడా అని ఎన్ని మాటలు నాలుక చివర నిలిచాయో. ఏ ఒక్కటి పలికినా అది మళ్లీ తీర్పే అవుతుంది, ఈ మొగుడూ పెళ్లాల మధ్య ఇంకో గోడ లేస్తుంది. పళ్లు బిగించి నేల వంక చూస్తూ నిలబడిపోయాడు.

 అయ్యవారు పలకడని ఓబుళరెడ్డికి అర్థమైంది. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, గడప ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆసుపత్రికి పోదామని నువ్వు చెప్తివి" అన్నాడు. "నేను ఇనలేదు."

పార్వతమ్మకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. తుడుచుకోలేదు.

"ఇంగొకసారి చెప్పు" అంది.

చెప్పాడు. ఈసారి మంచాల మీది పెద్దలందరికీ వినపడేలా చెప్పాడు. మూడోసారి చెప్పమని ఆమె అడగలేదు. అతనే చెప్పాడు, చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఆమె గడప దిగి వచ్చి, అంతమంది చూస్తుండగానే అతని పక్కన నేల మీద కూర్చుంది.