రెండు పేర్ల సంతకం

నాకు రెండు పేర్లు. స్కూలు రికార్డుల్లో ఒకటి, చర్చిలో ఇంకొకటి. మా వైపు బాప్టిస్టు సంఘాల్లో చాలా ఇళ్లలో ఇంతే. ఎందుకని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి. చర్చి పేరు పెట్టింది మా మామ్మ, నాన్నను కన్నతల్లి. ఆవిడకు రికార్డు పేరంటే అస్సలు పడదు. ఆ పేరు గల మనిషి ఉందనే ఒప్పుకునేది కాదు.

విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆర్డరు రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పోస్టుమేన్ కొత్తవాడు. గుమ్మంలో మామ్మ ఉంది.

"ఆ పేరుగలోలు మా ఇంట్లో నేరు బాబూ" అని పంపేసింది.

అప్పుడు నేను వంటింట్లో చద్దన్నం తింటున్నాను. కాలేజీ చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఇంకో కాపీ తెచ్చుకున్నాను. నెల్లాళ్లు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు.

ఉద్యోగంలో చేరాక రోజూ పొద్దున్న ఆమదాలవలసలో పాసింజర్ ఎక్కేదాన్ని. ఒళ్లో లాప్‌టాప్, దానికి గుచ్చిన నెట్ డాంగిల్. ఒకరోజు స్టేషన్ వచ్చేసిందన్న కంగారులో డాంగిల్‌ను అలాగే పీకేశాను. లాప్‌టాప్ బిగుసుకుపోయింది. మర్నాడూ అంతే. మూడోరోజు కావాలనే పీకాను.

నేను వాడే ఆపరేటింగ్ సిస్టమ్ దేశదేశాల వాళ్లు కలిసి రాసేది. దాని గుండెకాయను కెర్నల్ అంటారు. కోడ్ ఎవరైనా చూడొచ్చు కనుక తెరిచి చూశాను. డాంగిల్ పీకగానే, దాని వివరాలు పెట్టుకున్న మెమరీని ఖాళీ అని వదిలేస్తోంది. నెట్ వాడుతున్న ప్రోగ్రామేమో ఇంకా అదే చోటికి వెళ్లి చదువుతోంది. ఈలోగా ఎవడైనా దుర్మార్గుడు ఆ ఖాళీలో తన సరుకు పెట్టాడంటే, మొత్తం కంప్యూటర్ వాడి చేతిలోకి పోతుంది.

ఇలాంటి తప్పుల గురించి రహస్యంగా రాయాల్సిన చోటికి రాశాను, ఒక సవరణ కూడా పంపాను. ఆ భాగం చూసుకునే పెద్దమనిషి ఎక్కడో పరాయి దేశంలో ఉంటాడు. ఆయన జవాబు మూడు వాక్యాలు. "ఇది తప్పును దాస్తుంది, తీయదు. ఆ మెమరీని ఇంకా ఎవరెవరు పట్టుకుని ఉన్నారు? వారంలో చేయలేకపోతే వేరేవాళ్లకు ఇస్తాను."

ఒళ్లు మండిపోయింది. ఇంకో రెండు ముక్కలు మర్యాదగా రాస్తే అరిగిపోతాడా అనుకున్నాను. ఆయన చెప్పింది న్యాయమే, అందుకే ఇంకా మండింది. తప్పు దొరకబుచ్చుకున్నది నేను. దాన్ని వేరేవాళ్లు సరిచేస్తే చూస్తూ కూర్చునే రకాన్ని కాను. దిద్దుబాటు బయటికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు కూడా. మా ఇంట్లో నోరు మూసుకుని ఉండడం ఎంత కష్టమో నాకే తెలుసు.

ఐదు రోజులు ఎన్ని రకాలుగా రాసినా కుదరలేదు. ఆరోరోజు ఆదివారం. ఆరాధన అయ్యాక భోజనానికి వచ్చిన చుట్టాలకు మామ్మ మళ్లీ పోస్టుమేన్ కథ ఎత్తుకుంది.

"ఇది లోపల తింతన్నాది. నానేమో గుమ్మంలో నేదని పంపీసినాను" అని పడీపడీ నవ్వింది.

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. డాంగిల్ సంగతీ ఇదే. ఒకే మెమరీకి రెండు దారులు. గుమ్మంలో ఉన్న దారి, లోపల ఎవరున్నారో చూడకుండానే ఎవరూ లేరని చెప్పేస్తోంది. ఎవరు పట్టుకున్నా చెప్పి పట్టుకోవాలి, చెప్పి వదలాలి. ఆఖరి మనిషి వదిలాకే అది ఖాళీ. చెయ్యి కడుక్కుని ఆ సాయంత్రానికల్లా రాసేశాను.

మర్నాడు పాసింజర్లో కూర్చుని డాంగిల్ గుచ్చుతూ పీకుతూ ఉంటే ఎదురుగా కూర్చున్న కూరగాయలావిడ చూడలేకపోయింది.

"అది పాడైపోనాదమ్మా. పారీసి కొత్తది కొనుక్కో" అంది.

పాడవలేదు. యాభైసార్లు పీకినా లాప్‌టాప్ బిగుసుకోలేదు.

ఇక మిగిలింది సంతకం. కెర్నల్లో ప్రతి సవరణ కింద నలుగురూ మనల్ని ఏ పేరుతో ఎరుగుదురో ఆ పేరు రాయాలి. రికార్డు పేరు కొట్టి ఆగిపోయాను. నన్ను ఏ నలుగురు ఎరుగుదురు? దాని పక్కనే చర్చి పేరు కూడా కొట్టి పంపాను.

ఇద్దరు రాశారా, ఒకరేనా అని ఆ పెద్దమనిషి అడిగాడు. ఒకరేనని రాశాను. "మంచి పని" అని జవాబు పెట్టి సవరణ తీసుకున్నాడు. అంత పొదుపు మనిషి దగ్గర ఆ రెండు మాటలు చాలా ఎక్కువ. నా జీవితంలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు, ఇప్పటికీ గర్వపడుతున్నాను.

కొన్నాళ్లకు ఆయన అడ్రసు అడిగి ఒక టీషర్టు పార్సెల్ చేశాడు. ఈసారీ నేను వంటింట్లోనే ఉన్నాను, ఈసారీ గుమ్మంలో మామ్మే. పోస్టుమేన్ మొదటి పేరు చదివాడు. నేను కంచం వదిలి లేచాను. అతను రెండో పేరు కూడా చదివాడు.

మామ్మ చెయ్యి చాపింది.

"ఉన్నాది. లోపల తింతన్నాది. ఇలగియ్యి."

అని లోపలికి తిరిగి, నాకు బుద్ధెరిగాక మొదటిసారి, రెండు పేర్లూ కలిపి నన్ను కేకేసింది.