చెయ్యి తిరిగిన మనిషి

లాండ్రీలో ఆవిడను అందరూ మడతలక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. పెద్ద ఆసుపత్రి వెనక, బాయిలరు గదికి ఆనుకుని ఉండే ఆ లాండ్రీలో ఇరవయ్యారేళ్ళు దుప్పట్లు మడిచింది. రోజుకెన్ని మడుస్తావని ఎవరైనా అడిగితే, "లెక్కపెడుతూ కూచుంటే మడిచేదెవరు నాయనా?" అనేది. చెప్పొద్దూ, ఆవిడ మడిచిన దుప్పటితో ఇస్త్రీ పెట్టెకు పనుండేది కాదు. చెయ్యి తిరిగిన మనిషి అంటే అలా ఉండాలని అక్కడ కొత్తగా చేరిన వాళ్ళకు ఆవిడనే చూపించేవారు.

దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఇటు కొసలు ఒకరు, అటు కొసలు ఒకరు. తలవైపు పట్టుకున్నవాళ్ళు "లాగు" అంటే లాగాలి, "వదులు" అంటే వదలాలి, "రా" అంటే నాలుగడుగులు ముందుకొచ్చి కొసలు చేతిలో పెట్టాలి. అక్కడ చిన్నా పెద్దా లేదు. కొత్తగా చేరిన బక్కపల్చటి పిల్ల ఒకతి, వారం తిరక్కుండానే, "లాగక్కా, నిద్రపోతున్నావా?" అని మడతలక్క మీదే కేకేసింది. గదంతా బిక్కచచ్చిపోయింది. ఆవిడ మాత్రం గట్టిగా లాగి, ఆ పిల్లను ఎగాదిగా చూసి, సాయంత్రం ఇంటికి పోయి కొడుకుతో, "నీకు పిల్లను చూశానురా" అంది. వ్యాను నడిపే కొడుకు సిగ్గుపడుతూ, "ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు. "కొసలు బాగా కలుపుతుంది" అంది తల్లి. పిల్లలో అంతకంటే చూడాల్సిందేముందని ఆవిడ నమ్మకం.

నమ్మకం వమ్ము కాలేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా అత్తాకోడళ్ళ మధ్య పెద్ద పేచీ ఏదీ రాలేదు. మడతలక్క ఉద్యోగం మానేసి ఇల్లు చూసుకునేది, కోడలు లాండ్రీకి వెళ్ళేది. కేకలుండేవి, లేకపోలేదు. "అత్తయ్యా, తాళం ఎక్కడ పెట్టారు?" "నీ నెత్తిన పెట్టాను, చూసుకో." ఇల్లంతా ఆ కేకలతోనే నడిచేది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. మేడ మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. కోడలు పొయ్యి దగ్గర్నుంచి, "అత్తయ్యా, వానొస్తోంది, బట్టలు తెచ్చెయ్యండి!" అని అరిచింది. మడతలక్క వెళ్ళింది. తీగ మీంచి మూడో చొక్కా తీస్తుండగా కుడి చెయ్యి ఆవిడ మాట వినడం మానేసింది. మూతి పక్కకు లాగింది. కోడలు పరుగున వచ్చేసరికి ఆవిడ వానలో తడుస్తూ నేల మీద ఉంది.

ఆసుపత్రిలో మూడు వారాలు. మూతి సర్దుకుంది, కాలు కొంచెం ఈడుస్తూనైనా నడకలో పడింది. మాట ముందటికంటే గట్టిగానే వచ్చింది. "అమ్మ నోరు బాగైందంటే ఇక భయం లేదు, భయమంతా మనకే" అని కొడుకు హాస్యమాడాడు గానీ, అందరి చూపూ కుడి చేతి మీదే ఉంది. అది పక్కన ఊరికే వేలాడుతోంది.

వ్యాయామం చేయించడానికి వారానికి రెండు రోజులు ఒక అమ్మాయి ఇంటికి రావడం మొదలుపెట్టింది. సంచీలోంచి మొట్టమొదట తీసింది ఒక పచ్చ రబ్బరు బంతి. దాంతో ఆ అమ్మాయికి బంతిపిల్ల అనే పేరు ఖాయమైపోయింది. చేతిని అటూ ఇటూ వంచి చూసి, "వేళ్ళు కదులుతున్నాయి పెద్దమ్మా, సంతోషం. కానీ చెయ్యి తిరగాలి. అది అన్నిటికంటే చివర్న వస్తుంది" అంది.

"ఏమిటీ?" మడతలక్క మొహం కందగడ్డయింది. "నాకా చెయ్యి తిరగాల్సింది? నువ్వు పుట్టకముందే తిరిగింది. అనుమానముంటే లాండ్రీకి పోయి అడుగు!"

బంతిపిల్ల కంగారుపడి తన మణికట్టు తిప్పి చూపించింది. "అయ్యో, అది కాదు పెద్దమ్మా! ఇలా. కుళాయి కట్టడం, మూత తియ్యడం, తాళం తిప్పడం..."

కోడలు గోడవైపు తిరిగి నవ్వాపుకోలేకపోయింది. చివరికి మడతలక్కా నవ్వింది. నవ్వులు సద్దుమణిగాక బంతిపిల్ల నెమ్మదిగా చెప్పింది. "మొదటి మూడు నెలల్లో వచ్చిందే ఎక్కువ పెద్దమ్మా. ఆ తరవాత రాదని కాదు, చాలా నిదానం. ఇప్పటికే నెల గడిచింది."

మడతలక్కకు చావంటే అంత భయం లేదు. మొగుడు పోయినప్పుడే దాన్ని దగ్గర్నుంచి చూసింది. కానీ తన గుండీలు ఒకరు పెట్టాలంటే, తన జుట్టు ఒకరు దువ్వాలంటే ప్రాణం చచ్చిపోయేది. పొద్దున్నే కోడలు దువ్వెన పట్టుకుని వెనక నిలబడితే, ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ మిగిలిన రెండు నెలల్లో చెయ్యి రాకపోతే బతుకంతా ఇంతేనా అనే ఆలోచన ఒక్కటే లోపల తిరుగుతూ ఉండేది.

బంతి మీద మాత్రం మనసు పోలేదు. "ఇరవయ్యారేళ్ళు దుప్పట్లు మడిచాను, నలభై ఏళ్ళు ఇల్లు ఊడ్చాను. అప్పుడు దాన్ని వ్యాయామమని ఒక్కరూ అన్లేదు. ఇప్పుడు ముసలిదాన్ని మూల కూచోబెట్టి బంతి పిసకమంటే అది వ్యాయామమట! ఆ గిన్నెలు ఇటు పడెయ్యండి, తోమి పెడతాను. చెయ్యి దానంతటదే వస్తుంది."

"ఇంటిపని వ్యాయామం కాదని ఎవరన్నారు పెద్దమ్మా?" అంది బంతిపిల్ల. "కానీ పన్లో పడ్డారంటే మీ ఎడమ చెయ్యి మొత్తం లాగేసుకుంటుంది. కుడిది మహారాణిలా కూచుని చూస్తుంది. కుడిది చేస్తేనే లెక్క."

"అయితే ఎడమదాన్ని కట్టి పడేస్తాను."

"కట్టెయ్యండి. మంచిదే!"

కొడుకు పాత మేజోడు ఒకటి ఎడమ చేతికి తొడిగారు. అది తొడిగి ఉన్నంతసేపూ ఎడమ చేతికి సెలవు. ఇంతా చేస్తే, పనేదీ? కోడలు లాండ్రీకి సెలవు పెట్టి, తెల్లారకముందే ఇల్లంతా అద్దంలా చేసేసేది. మడతలక్క లేవబోతే, "మీరు కూచోండత్తయ్యా." చెంచా అందుకోబోతే, "నేనిస్తాగా అత్తయ్యా." చీపురైతే ఎక్కడ దాచిందో దేవుడికే తెలియాలి. పువ్వుల్లో పెట్టి చూసుకుంటోందని చుట్టుపక్కల వాళ్ళు మెచ్చుకున్నారు. పువ్వుల్లో ఊపిరాడక మడతలక్క ఒళ్ళో ఉన్న చేతిని తిట్టుకునేది. "నీ పేరే చెయ్యి కదే, చెయ్యవేం?"

బంతిపిల్ల ఇది గమనించి కోడల్ని గట్టిగానే మందలించింది. మర్నాటి నుంచి మడతలక్క ముందు పొద్దున్నే ఒక పళ్ళెం వచ్చింది. బఠాణీలు, శనగలు కలిసిపోయాయట, వేరు చేసి పెట్టాలట. ఆవిడ సంబరం చెప్పనలవి కాదు. మేజోడు తొడుక్కుని, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి, ఒక్కొక్క గింజా ఏరింది. గంట పట్టేది. వేళ్ళు లాగేవి, చెమట పట్టేది. సాయంత్రం కొడుకు రాగానే, "ఇవాళ మీకు రెండు గిన్నెల గింజలు ఏరి పెట్టాన్రా" అని గొప్పగా చెప్పుకునేది. అతను పెళ్ళాం మొహం చూసి, "అబ్బో!" అనేవాడు.

అయిదో రోజు పళ్ళెంలో ముక్కు విరిగిన శనగ ఒకటి కనబడింది. ఒక పక్క నల్లటి మచ్చ. మడతలక్క దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది. నిన్న ఏరింది. మొన్నా ఏరింది.

"ఇలా రా" అంది. కోడలు వచ్చింది. "ఈ గింజలు రోజూ నువ్వే కలుపుతున్నావు కదూ?"

కోడలు కుక్కిన పేనులా నిలబడింది. మడతలక్క పళ్ళేన్ని ఒక్క తోపు తోసింది. గింజలు గదంతా దొర్లాయి.

"నాకు దొంగపని పెడతావుటే? దీనికంటే ఆ బంతే నయం. నేను బంతినని నిజమన్నా చెబుతుంది!"

కోడలు నేల మీద కూర్చుని గింజలు ఏరడం మొదలుపెట్టింది. నాలుగు ఏరి ఆగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. "నిజం పని ఎలా చెప్పనత్తయ్యా?" అంది. "చెప్పబట్టే కదా ఇలా అయింది. ఆ రోజు బట్టలు తెమ్మన్నది నేను. పొయ్యి దగ్గర హాయిగా నిలబడి మిమ్మల్ని వానలోకి పంపింది నేను. నా నోటితో మళ్ళీ మీకు పని చెప్పనని ఆసుపత్రి బెంచీ మీద ఒట్టేసుకున్నాను."

మడతలక్క ఇన్నాళ్ళూ తనొక్కతే లోపల కుమిలిపోతోందనుకుంది. మెల్లిగా కుర్చీలోంచి దిగి కోడలి పక్కన నేల మీద చతికిలబడింది.

"పిచ్చిమొహమా! మేడ మీద రాకపోతే మంచం మీద వచ్చేది. నీ నోటిమాటకు నా తలలో రక్తం గడ్డ కడుతుందా? అంత శక్తే ఉంటే మీ ఆయన్ని చెప్పులు వరసలో విడవమని చెప్పు, చూద్దాం!"

కోడలు ఏడుస్తూనే నవ్వింది. ఇద్దరూ కలిసి గింజలన్నీ ఏరారు. అయినా ఒట్టు అంత తేలిగ్గా వదలదు కదా.

ఆ తరవాత కోడలు నిజం పనులే ఇచ్చింది. రుమాళ్ళు పిండటం, బల్ల తుడవడం, గ్లాసులు కడగటం. కానీ అడిగే తీరు మాత్రం మందు తాగించినట్టు ఉండేది. "అత్తయ్యా, మీకు ఓపికుంటేనే, కష్టమనిపిస్తే వద్దు, ఈ రుమాలొక్కటి..." అని గ్లాసెడు నీళ్ళకు బిందెడు బతిమాలుకోలు. పైగా ఆవిడ లేస్తే చాలు, రెండు చేతులూ చాచి వెనకే నిలబడేది. ఆ పిల్ల భయం ఆ పిల్లది. రోజులు గడిచేకొద్దీ చెయ్యి పట్టుకుంది, ఎత్తింది, నొక్కింది. తిరగడం ఒక్కటే రాలేదు.

పదకొండో వారంలో బంతిపిల్ల ఒక చిన్న సీసా తెచ్చి మూత తియ్యమంది. మడతలక్క పళ్ళ బిగువున పట్టింది. మూత మీద బొటనవేలు జారింది, మళ్ళీ జారింది, మూడోసారీ జారింది. "వస్తుందిలే పెద్దమ్మా" అంది బంతిపిల్ల, సీసా సంచీలో పెట్టుకుంటూ. మొహం మాత్రం ఎత్తలేదు. అమ్మ దగ్గర పగలు కూచోవడానికి ఎవరినైనా చూడాలని కొడుకు ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నాడు. సోమవారం నుంచి కోడలు లాండ్రీకి వెళ్ళాలి మరి. మడతలక్క వినబడనట్టు అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది, ఎడమ చేత్తో.

ఆదివారం పొద్దున కొడుకు వీధిలో వ్యాను కడుక్కుంటున్నాడు. కోడలు పొయ్యి మీద పాలు పెట్టి తలంటుకోవడానికి వెళ్ళింది. మడతలక్క మేజోడు తొడుక్కుని, ముందు గదిలో కిటికీ చువ్వలు తుడుస్తోంది. నీళ్ళ గదిలోంచి ఒక్కసారిగా కేక వినబడింది.

"అత్తయ్యా! పాలు! స్టవ్ కట్టెయ్యండి, తొందరగా!"

ఓపికుంటే అనలేదు, కష్టమైతే వద్దు అనలేదు. మడతలక్క కాలీడ్చుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది. పాలు అప్పటికే అంచు దాటి సుయ్యిమంటూ కారుతున్నాయి. మేజోడు తీసే వ్యవధి లేదు, దాంతో పట్టుకుంటే జారిపోతుంది. ఇవన్నీ ఆలోచించిందని కాదు, ఆలోచిస్తే అయ్యేది కాదేమో కూడా. మంట ఆరిపోయింది. ఆవిడ రొప్పుతూ నిలబడి, ఎవరు కట్టారా అన్నట్టు స్టవ్ వైపు చూసింది. మంట తిప్పే మర మీద తన కుడి చెయ్యే ఉంది.

కోడలు చీర ఎలాగో చుట్టబెట్టుకుని, నెత్తి నిండా నురగతో పరిగెత్తుకొచ్చింది. "ఎందుకు లేచారు? పడ్డారా? చెయ్యి కాలిందా? నా నోరు పడిపోనూ, మళ్ళీ నేనే చెప్పానా!"

"నువ్వే చెప్పావు" అంది మడతలక్క. కుడి చెయ్యి ముందుకు చాచింది. అరచెయ్యి కిందికి, మెల్లిగా పైకి. మళ్ళీ కిందికి. వణుకుతోంది, పూర్తిగా తిరగలేదు, కానీ తిరిగింది.

కోడలు చూసింది. సబ్బు నురగ కళ్ళల్లోకి కారుతున్నా తుడుచుకోకుండా, గుమ్మం పట్టుకుని అలాగే చూసింది. మడతలక్క కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి. ఆవిడ వాటిని దాచుకోలేదు.

"మళ్ళీ చెప్పు" అంది.

"ఏం చెప్పనత్తయ్యా?"

"ఏదో ఒకటి. ఇందాకటిలా అరిచి చెప్పు."

కోడలు కళ్ళల్లోని నురగ తుడుచుకుంది. తరవాత, వీధిలో వ్యాను కడుగుతున్న మొగుడికి కూడా వినబడేలా అరిచింది.

"పొయ్యంతా పాలే! తుడవండత్తయ్యా!"

మడతలక్క గుడ్డ అందుకుంది.