ఉభాలనాటి సైకిల్ పందెం

మొన్న ఆదివారం పొద్దున్న ఎచ్చెర్ల దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, తలకు టోపీలూ కళ్ళకు నల్లద్దాలూ పెట్టుకున్న పడుచువాళ్ళ గుంపొకటి సైకిళ్ళ మీద మా ముందునుంచి రివ్వున దూసుకుపోయింది. పక్కనున్న మా ఆవిడ నా మోచేతిని పొడిచి, ఆ వయసులో నువ్వు వీళ్ళందర్నీ దాటేసేవాడివి బావా అంది. నేను కాదనలేదు, ఎందుకంటాను! నా ఈడువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు గాని, పంతొమ్మిది వందల అరవైల చివర్లో మా వైపు సైకిలుండడం ఒక దర్జా, దాని మీద పందేలకు పోవడం మాత్రం పనీపాటా లేనివాడి వ్యవహారం.

నాకేమో పనికి కొదవ లేదు. రాజాంలో గోగునార కొనే షావుకారు దగ్గర గుమాస్తాగిరీ, ఇంటి దగ్గర మా అయ్యతో, అంటే మా నాన్నగారితో, వ్యవసాయమూను. పొద్దున్నే పశువులకు గడ్డి వేసి, చోడి అంబలి తాగి సైకిలెక్కితే, సాయంత్రం వెనక తవుడు బస్తానో మరొకటో కట్టుకుని ఎదురుగాలిలో ఇల్లు చేరేవాణ్ణి. పందేనికని వేరే సాధన చెయ్యడానికి తీరికేదీ, నా సాధనంతా ఆ రానూ పోనూ దారిలోనే జరిగింది.

అలాంటి రోజుల్లో శ్రీకాకుళం కుర్రాళ్ళు కొందరు కలిసి, అక్కణ్ణుంచి రాజాం వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలని ఒక సైకిల్ పందెం పెట్టారు. అంత దూరం పందెం మేమెప్పుడూ వినలేదు. వెంటనే పేరిచ్చి వచ్చాను. నా ఖర్మకొద్దీ ఆ ఏడు వానలు ఆలస్యమై, సరిగ్గా ఆ ఆదివారమే మా ఉభాలు పడ్డాయి. వరినాట్లను మేము ఉభాలంటాం. నారు ముదిరిపోతోంది, నాటే ఆడవాళ్ళు మిగతా రోజులన్నీ వేరేవాళ్ళకు మాటిచ్చేశారు, ఇక రోజు మార్చడం కుదిరే పని కాదు. సంగతి అయ్య చెవిన వేస్తే, "కాళ్ళల్ల అంత సత్తువుంటే నాగలెనకాల నడు" అని మొహం తిప్పుకున్నాడు. పందెం వదులుకోవడానికి ప్రాణం ఒప్పదు, ఉభాలనాడు పొలంలో లేని కొడుకు అనిపించుకోవడం అంతకన్నా కష్టం. చివరికి మా ఆవిడే తెగించి, తనకు మేనమామా మామగారూ అయిన మా అయ్య ముందే, "నీ వొంతు పని నాను సేత్తాను, నువ్వెల్లు బావా" అనేసింది. అయ్య పార భుజాన వేసుకుని పొలానికి పోయాడు. శనివారం షావుకారును బతిమాలుకుని పెందలాడే వచ్చి, చీకటి పడేదాకా నారు తీసి, కట్టలు మడుల్లో సర్ది, తెల్లారి శ్రీకాకుళం చేరుకున్నాను.

మా పొలం రాజాం రోడ్డు పక్కనే. వెళ్ళేటప్పుడు అయ్య కంట పడకూడదని తల వంచుకుని దాటేశాను. తిరిగి వచ్చేటప్పటికి మిగతావాళ్ళంతా వెనకబడ్డారు, నా ముందు ఒక్క పట్నం కుర్రాడే ఉన్నాడు, వాణ్ణి అందుకోవడం ఎంతసేపు అనుకుంటున్నాను. మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది: ఉభాలు జరిగే పొలం పక్కనుంచి ఎవరైనా పోతుంటే నాటే ఆడవాళ్ళు నారుకట్ట తెచ్చి దారికడ్డంగా పెడతారు, వాళ్ళకు ఏదో ఒకటి ఇచ్చుకోకుండా దాన్ని దాటకూడదు. ఆ కుర్రాడికి ఇదంతా ఏం తెలుసు, పక్కనుంచి తప్పించుకుని పోయాడు. నేను మాత్రం బ్రేకు వేశాను. రైతుబిడ్డనై ఉండి నారుకట్టను దాటి పోతానా? ఇద్దామంటే నా నిక్కరుకు జేబే లేదు. మా పెద్దమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏటి బాబూ, పెళ్ళాన్ని బురదలో దింపి నువ్వు ఊరేగుతన్నావా? రా, నాలుగు మొక్కలు నాటి ఎల్లు" అంది. అందరూ ఒకటే నవ్వు, మా ఆవిడతో సహా. సైకిలు గట్టుకు చేరేసి, మడిలో దిగి, ఆ కట్ట విప్పి గబగబా నాటడం మొదలుపెట్టాను.

అప్పుడు అయ్య గట్టుమీదనుంచి అరిచాడు. నా మీద కాదు, వాళ్ళ మీద. "ఒగ్గీండర్రా ఆడ్ని, పందెం పోతాది!" అంటూ మడిలోకి దిగి, నా చేతిలో నారు లాక్కుని, నన్ను సైకిలెక్కించి, బురద చెయ్యి వీపున ఆనించి, రోడ్డు మీద పరుగెడుతూ తోశాడు. ఆయన పరుగెత్తగా నేను చూడడం అదే మొదలు. కళ్ళు చెమర్చి ముందు దారి సరిగ్గా కనపడలేదు.

ఆ కుర్రాణ్ణి అందుకోలేకపోయాను, రెండోవాడిగా వచ్చాను. నా బనీను చూసి దారిలో పడ్డావా అని అడిగినవాళ్ళకల్లా, కాదు, మా అయ్య తోశాడని రొమ్ము విరుచుకుని చెప్పాను. ఇంటికొచ్చేసరికి ఉభాలు పూర్తయ్యాయి. మర్నాడు అయ్య టీ కొట్టు దగ్గర, "మా గుంటడు మొక్కా నాటినాడు, పందెంల రెండోవోడూ అయినాడు" అని కనబడ్డవాడికల్లా చెప్పాడట. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ ఒళ్ళు పొంగుతుంది, దాచుకోవడం దేనికి! మరుసటి ఏడు ఉభాలకు రోజు పెట్టేముందు, పందెం ఎప్పుడని ఆయనే అడిగాడు.

ఇప్పుడా రోడ్డు నున్నగా ఉంది. నాట్లు యంత్రం వేస్తోంది, నారుకట్ట పట్టుకుని రోడ్డెక్కే ఆడవాళ్ళు లేరు, ఎంత జోరుగా పోయినా ఎవరూ ఎవరినీ ఆపరు. నా దారికి అడ్డం నిలబడే చనువున్నవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, మా ఆవిడ ఒక్కతే మిగిలింది.