మాస్టారు తలూపిన ఆదివారం

తొమాసా నోరంటే యాగలావి ఊరంతటికీ హడలు. మెక్సికో దేశంలో ఒహాకా కొండల్లోని ఆ ఊరి మాట జాపోతెక్. అందులో ఆమెను గెలిచినవాడు లేడు. స్పానిష్ మాత్రం సంతలో ఏరుకున్న నాలుగు ముక్కలే. మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముతూ మనవరాలు లుసీలాను సాకుతోంది. ఇంటికొకరు ఏడాదిపాటు జీతం లేకుండా ఊరి కొలువు చేసి తీరాలి కదా, ఆ ఏడు ఆమె వంతుకు బడి కమిటీ పెద్దరికం పడింది. పడిందే తడవు ఆమె ఒకటే పట్టు పట్టింది. కొత్త మాస్టారు ఎలియాస్‌ను ఊరు దాటించాలి!

పాపం ఎలియాస్ తప్పేమీ లేదు. ఆయన మిహె తెగ మనిషి, ఆయన ఇంటి మాటే వేరు. పైవాళ్లు చూసీచూడక జాపోతెక్ ఊరికి వేశారు. ఆయనకు పిల్లల మాట రాదు, పిల్లలకు స్పానిష్ అంతంతమాత్రం. అందుకని రోజుకో పిల్లవాడు ఇంటి నుంచి ఏదో ఒకటి తెచ్చి, దాని పేరు ఆయనకు నేర్పాలన్నాడు. తానేమో అదే పేరు స్పానిష్‌లోనూ, మిహెలోనూ చెప్పేవాడు. ఇది ఎవరు పండించారు, ధర ఎవరు కట్టారు, ఆ ధర మనల్నెందుకు కట్టనివ్వరు అంటూ పిల్లల్నే అడిగేవాడు.

"అవ్వా, ఇవాళ మాస్టారికి చిక్కుడుగింజ నేర్పించా. మూడుసార్లు తప్పు చెప్పాడు!" అంది లుసీలా ఒకరోజు, గెంతుతూ.

"బాగుందే సంబడం! జీతం ఆయనకా నీకా? మన మాట నేను ఊరికే నేర్పుతా. ఆయన స్పానిష్ చెప్పాలి."

ఆమె బాధ ఆమెది. మొగుడి ఆఖరి రోజుల్లో స్పానిష్ రాక పట్నం ఆసుపత్రి వరండాలో రెండు రోజులు మూగదానిలా కూర్చుంది. లుసీలాకు ఆ గతి పట్టకూడదు.

ఆదివారం పొద్దున్నే మైకు అరిచింది. బాస్కెట్‌బాల్ మైదానంలో సభ. ఎలియాస్ ముందు బెంచీలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. తొమాసా లేచి దులిపేసింది.

"పిల్లలు పంతుళ్లయ్యారు, పంతులు పిల్లాడయ్యాడు! రేపు మీ మేకలు కూడా ఆయనకు పాఠం చెబుతాయి!"

జనం గొల్లుమన్నారు. అందరూ నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా, మాస్టారూ నవ్వాడు. అంతా జాపోతెక్‌లోనే నడుస్తోందని ఎవరికీ తట్టనే లేదు. ఊరిపెద్ద అబుందియో అదే మాటలో అడిగేశాడు.

"మాస్టారూ, మీరు మాకొద్దంటోంది సభ. వెళ్లిపోతారా?"

ఎలియాస్ చిరునవ్వుతో తలూపాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

మైదానమంతా పడీపడీ నవ్వింది. తొమాసా కూడా నవ్వబోయి ఆగింది. ఆ తలూపడం ఆమెకు తెలుసు. ఏడేళ్లప్పుడు ఇదే బడిలో స్పానిష్ పంతులు ఆమెను ఏదో అడిగాడు. కొడతాడేమోనన్న భయంతో నవ్వుతూ తలూపింది. బడంతా ఇలాగే నవ్వింది. "నువ్వు గాడిదవా?" అన్నాడని ఇంటికి పోతుంటే ఎవరో చెప్పారు. మర్నాటి నుంచి ఆమె బడి గడప తొక్కలేదు.

తొమాసా గబగబా ముందు బెంచీ దగ్గరికి నడిచింది.

"మాస్టారూ, అర్థమైందా?" అంది, వచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లోనే.

ఆయన అలవాటుగా మళ్లీ తలూపాడు. ఆమె కదల్లేదు. ఆయన టోపీ నలుపుతూ తల దించుకున్నాడు.

"లేదమ్మా. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగుతో ఒత్తుకుని సభవైపు తిరిగింది. "నవ్వింది చాల్లెండి! ఈయన ఇక్కడే ఉంటాడు."

"ఇదేంటత్తా! ఇందాక తరిమెయ్యమన్నది నువ్వే కదా?" అన్నాడు అబుందియో.

"రొట్టె మాడుతుంటే తిప్పెయ్యరేంట్రా? రానిది రాదని అందరి ముందు ఒప్పుకునే పంతుల్ని నేనిప్పుడే చూశా. సాయంత్రాలు నా వంటింటికొస్తే మన మాట నేను నేర్పుతా. స్పానిష్ మాత్రం ఆయన వదలకూడదు. వదుల్తాడేమో చూడ్డానికి నేనూ బడికెళ్లి కూర్చుంటా."

చేతులు ఒకటొకటిగా లేచాయి. జరిగింది అబుందియో స్పానిష్‌లో విడమరిచి చెప్పాక మాస్టారు కూడా చెయ్యి ఎత్తాడు.

ఆ సాయంత్రమే పెనం పక్కన తొలి పాఠం. రొట్టె పేరు కాదు, నిప్పు పేరు కాదు. 'నాకు అర్థం కాలేదు' అనడం నేర్పింది. మూడుసార్లు తప్పాడు, నాలుగోసారికి పలికాడు. లుసీలా చప్పట్లు కొట్టింది.

సోమవారం తొమాసా పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. మాస్టారు బోర్డు మీద ఏదో రాసి, "తెలిసిందా అమ్మా?" అన్నాడు. ఆమె తల ఊగబోయి ఆగింది. లేచి నిలబడి, తన జాపోతెక్‌లోనే, గదంతా వినబడేలా చెప్పింది.

"నాకు అర్థం కాలేదు."

యాభై నాలుగేళ్ల కింద ఆ గదిలోనే అనాల్సిన మాట అది.