మిల్లుల్లో ఉన్న డబ్బా, నేను చదివిన కంపెనీ

సూర్యాపేటలో ఇళ్లకూ మిల్లులకూ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసులో ఎనిమిదేళ్లుగా లైన్‌మన్‌గా పనిచేస్తున్నాను. మోకాలు అరిగి నిచ్చెన ఎక్కడం కష్టమైన రోజుల్లో మా సారు అందరినీ పిలిచి, "నెట్‌వర్క్ పరీక్ష పాసైనోళ్లకు ఇంజనీర్ పోస్టు ఇస్త. కుర్చీల కూసొని చేసే పని" అన్నాడు. ఆ పోస్టు నాకు రావాలి. లేకపోతే ఆ మోకాలితో ఇంకెన్నాళ్లు స్తంభాలెక్కాలి?

పరీక్షలు రెండున్నాయి. నెట్ నడిపే రూటర్ డబ్బాలు తయారుచేసే కంపెనీలే వాటిని పెడతాయి. ఒకటి అందరికీ తెలిసిన పెద్ద కంపెనీది, రెండోది అంత పేరులేనిది. ఏది రాయాలో సారు చెప్పలేదు. మా ఆఫీసులో సారును తిరిగి అడిగే అలవాటు లేదు. తలూపి బయటికొచ్చి ఊరందరినీ అడుగుతాం. నేనూ అదే చేశాను. కోదాడలో కోచింగ్ చెప్పే ఆయన, "పెద్దది చెయ్యండి, ఎక్కడికెళ్లినా పనికొస్తుంది" అన్నాడు. ఆయన దగ్గరున్నది ఆ ఒక్క కోర్సే. పెన్‌పహాడ్‌లో గొర్రెలు పెంచే మా బావ, "పేరున్నదే సదువు" అన్నాడు. ఇద్దరి మాటా నాకు వేదమైంది.

ఆరు నెలల ఆదివారాలు కోదాడ బస్సులోనే గడిచాయి. పాసయ్యాను. కాగితం సారు ముందు పెడితే రెండుసార్లు చదివాడు.

"మన మిర్యాలగూడ మిల్లులల్ల ఉన్నయన్నీ రెండో కంపెనీ డబ్బాలే గదా. గిదెందుకు సదివినవ్?"

"మీరు చెప్పలే సార్."

"నువ్వడగలే."

అడిగింది మా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లెత్తే, నేను చెల్లె అని పిలిచే అమ్మాయి. సారు చెప్పిన రోజే వెనక్కి వెళ్లి అడిగిందట. రెండోది రాసి పాసైంది. పోస్టు ఆమెకే ఇచ్చారు. తప్పు నాదే అయినా వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ తర్వాత మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో నెట్ ఆగిపోయింది. వెళ్లి నిచ్చెన గోడకు ఆనించానో లేదో, ఆఫీసు నుంచి ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, పైకెక్కకు. లైన్ మంచిగనే ఉన్నది. కింద డబ్బాకు లాప్‌టాప్ పెట్టు, నేను చెప్త."

ఆ డబ్బా మీది తవుడు దుమ్మును ఎనిమిదేళ్లుగా బ్రష్‌తో దులుపుతున్నది నేనే. కంపెనీ పేరు దాని మూత మీదే ఉంది. ఆమె చెప్పిన నాలుగు లైన్లు లాప్‌టాప్‌లో టైపు చేశాను. నెట్ వచ్చింది.

"నా పరీక్ష పుస్తకాలు తెచ్చిపెట్టిన, రేపు తీస్కో అన్నా. ఇంకెన్ని రోజులు ఎక్కుతవు ఆ మోకాలుతోని" అంది.

మిల్లు మోతలో ఆమెకు వినబడదులే అనుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఏడ్చాను.